రెండో సంతకం

రుచి మేస్త్రికి వైన్ గురించి గొప్పలు పోయేవాళ్ళంటే ఒళ్ళు మంట. గ్లాసు వెలుతురుకెత్తి పట్టుకుని, కళ్ళు సగం మూసి, నాలుగు పువ్వుల పేర్లూ రెండు కొండల పేర్లూ చెప్పి, చివరికి పక్కనున్న బకెట్లో ఉమ్మేసేవాళ్ళను చూస్తే ఆయనకు నవ్వూ వచ్చేది, కోపమూ వచ్చేది. "తాగడం ఇష్టం లేకపోతే మానెయ్యొచ్చుగా, ఉమ్మడం దేనికి?" అనేవాడు. ఆయన చేతి మీదుగా బయటికి వెళ్ళే వైన్ అలాంటిది కాదు. పొద్దస్తమానం ఒళ్ళొంచి పనిచేసినవాడు ఇంటికొచ్చి, బూట్లు విప్పి, మొహం కడుక్కుని, సూపులో రొట్టె ముంచుకు తింటూ మధ్యమధ్య గుటకేసే ఎర్ర వైన్. సీసాకు బిరడా కూడా ఉండదు, చేత్తో తిప్పితే వచ్చేసే రేకు మూత. నీళ్ళు తాగే గ్లాసులోనే పోసుకోవచ్చు. మిగిలితే మర్నాడు మాంసం ఉడికేటప్పుడు గుమ్మరించుకోవచ్చు. కొనేవాడు జేబు తడుముకోనక్కర్లేదు, తాగేవాడు మంచిరోజు కోసం చూడనక్కర్లేదు.

రైలు పట్టాల పక్కనున్న ఆ వైన్ ఫ్యాక్టరీలో ఆయనది ఇరవై తొమ్మిదేళ్ళ నౌకరీ. చేరింది ట్యాంకులు కడగడానికి. ఒకరోజు ఇప్పటి యజమానురాలి మామగారు, అందరూ పెద్దాయన అనేవారు, అటుగా వెళ్తుంటే ఈయన నోరు ఊరుకోక "అయ్యా, ఈ ట్యాంకులో తడిసిన గోనెసంచి వాసనొస్తోంది" అన్నాడు. నలుగురూ నవ్వారు. ఖాళీ చేసి చూస్తే అడుగున పైపు తాలూకు రబ్బరు ముక్క నాని కుళ్ళుతోంది. ఆ మర్నాటి నుంచి ఈయన చేతిలో బ్రష్షు పోయి గ్లాసొచ్చింది. పేరు కూడా పోయింది. గేటు దగ్గర కాపలావాడి నుంచి పక్కవీధి మంగలి దాకా అందరికీ రుచి మేస్త్రే.

ఆ పెద్దాయన పెట్టిన పద్ధతొకటి ఫ్యాక్టరీలో నేటికీ నడుస్తోంది. మరే ఫ్యాక్టరీలోనూ ఉండదేమో. ట్యాంకులో వైన్ సీసాల్లోకి ఎక్కే ముందు మేస్త్రి అందులోంచి అర సీసా పట్టుకుని ఇంటికి తీసుకెళ్ళాలి. తన భోజనం బల్ల మీద పెట్టుకుని, ఆ పూట ఇంట్లో ఏది వండితే దానితో తాగాలి. ఒక్కడే తాగకూడదు. ఫ్యాక్టరీలో జీతం తీసుకోని మనిషి ఇంకొకరు పక్కన కూర్చుని తింటూ తాగాలి. మర్నాడు పొద్దున ఆ ట్యాంకు కార్డు మీద ఇద్దరి సంతకాలూ పడాలి. "లోపల పనిచేసేవాడి ముక్కు లోపలి వాసనలకు అలవాటు పడిపోతుంది రా. బయటివాళ్ళు చెప్పాలి" అనేవాడట పెద్దాయన. ఆ రెండో సంతకం ఇరవై ఏళ్ళుగా మేస్త్రి భార్యదే.

ఆవిడ ఇంట్లోనే బట్టలు సరిచేస్తుంది. ప్యాంట్లు పొట్టి చేయడం, గౌన్లు వదులు చేయడం, జిప్పులు మార్చడం. ఏళ్ళ తరబడి గుడ్డల నూగు పీల్చీ పీల్చీ ఆవిడకు ఉబ్బసం పట్టుకుంది. నోట్లో కొట్టుకునే మందు డబ్బా ఎప్పుడూ కత్తెర పక్కనే ఉంటుంది. సాయంత్రం ఆరు గంటలకు మిషను మూసేసి, ఒక గ్లాసు వైన్‌తో భోజనానికి కూర్చోవడమే ఆవిడకున్న సరదా. మహా అయితే గ్లాసున్నర. ఇరవై ఏళ్ళుగా మొగుడు ఏది తెస్తే అది తాగింది, ఎక్కడ చూపిస్తే అక్కడ సంతకం పెట్టింది. ఆయన కార్డు మీద ఏం రాస్తున్నాడో ఆవిడ అడగలేదు. ఆవిడకెలా ఉందో ఆయనా అడగలేదు.

అసలు సంగతికొస్తాను. ఏడు నెలల కిందట మేస్త్రికి జలుబుతో జ్వరమొచ్చింది. నాలుగు రోజులకు తగ్గింది. అయిదో రోజు ఆయన వంటింట్లో కుర్చీ వేసుకుని పేపరు చదువుకుంటుంటే భార్య పక్కింటి నుంచి పరుగెత్తుకొచ్చి, "ఏవండీ, కళ్ళు కనపడట్లేదా? ఉల్లిపాయలు మాడి బొగ్గయిపోతున్నాయి" అంటూ పొయ్యి కట్టేసింది. గదంతా పొగ. ఆయనకు కళ్ళు మండుతున్నాయి కానీ ముక్కుకు ఏమీ తెలియలేదు. వెంటనే లేచి స్నానాలగదిలోకి వెళ్ళి సబ్బు వాసన చూశాడు. లేదు. కిరసనాయిల్ సీసా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అదీ లేదు. ఆ సీసా అలాగే పట్టుకుని గచ్చు మీద కూలబడ్డాడు. పై ప్రాణాలు పైనే పోయాయి.

డాక్టరు ముక్కులో దీపం పెట్టి చూసి, "కొంతమందికి తిరిగొస్తుంది, కొంతమందికి రాదు" అన్నాడు. ఆ ముక్క చెప్పడానికి డాక్టరెందుకో. మేస్త్రి ఆ మాట ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఉద్యోగం పోతుందన్న భయం ఒకటి. అంతకంటే పెద్ద భయం ఇంకొకటి ఉంది. ఆయనకు చదువు లేదు, ఆస్తి లేదు, మంచి రూపం కూడా లేదు. ఊళ్ళో నలుగురూ నమస్కారం పెట్టేది ముక్కును చూసే. అది కాస్తా పోయిందంటే మళ్ళీ చేతికి బ్రష్షొస్తుంది. యాభై ఆరేళ్ళ వయసులో ట్యాంకులోకి దిగి అడుగు గోకాలి.

అప్పుడాయన ఒక ఎత్తు వేశాడు. భోజనం దగ్గర గ్లాసు కింద పెట్టి, ఏదో మాటవరసకి అడిగినట్టు, "ఎలా ఉందే ఇవాళ?" అన్నాడు. భార్య చేతిలో రొట్టె ముక్క అలాగే ఆగిపోయింది. ఇరవై ఏళ్ళలో ఎప్పుడూ అడగని మాట. కాసేపాలోచించి, "మొన్నటిదాని కంటే మెత్తగా ఉందండీ. చివర్లో కాస్త ఎండు ద్రాక్షలా. బంగాళాదుంపలతో బాగుంది, జున్నుతో అంత నప్పలేదు" అంది. మేస్త్రి మర్నాడు కార్డు మీద అదే రాశాడు. యజమానురాలు చూసి, "ఏంటి మేస్త్రీ, ఈమధ్య బాగా వివరంగా రాస్తున్నావు" అంది.

అలా ఏడు నెలలు గడిచాయి. భార్య రోజురోజుకీ ఆరితేరింది. ఈ వైన్ నిన్న తెరిచి పెడితే ఇవాళ ఇంకా బాగుంటుందనీ, ఎండాకాలం కాస్త చల్లబరిచి తాగితే హాయిగా ఉంటుందనీ, మిరియాలు ఎక్కువైన సూపుతో తాగితే నాలుక మీద గరగరలాడుతుందనీ ఆవిడే చెప్పేది. మాట్లాడేటప్పుడు మొహం వెలిగిపోయేది. మేస్త్రి మాత్రం పరీక్ష రాసేవాడిలా ఒక్కో మాటా గుర్తుపెట్టుకునేవాడు. ఆయన నోటికి ఆ వైన్ పుల్లటి నీళ్ళు, అంతే.

పదిహేను రోజుల కిందట ఆవిడ అక్కగారికి కంటి ఆపరేషనయింది. సాయానికని వెళ్ళింది. సరిగ్గా ఆ వారమే చిన్న ట్యాంకు పరీక్షకొచ్చింది. మేస్త్రి అర సీసా తెచ్చుకుని ఒక్కడే కూర్చున్నాడు. రెండు గుక్కలు తాగాడు. గొంతులో ఏదో గీరినట్టయి మూడుసార్లు దగ్గాడు. పాత దగ్గే కదా అనుకున్నాడు. ఇంకెవరినైనా పిలవొచ్చు, మేడ మీద అద్దెకున్న టీచరమ్మ ఉంది, వీధి చివర చెప్పులు కుట్టే ఆయనున్నాడు. పిలిస్తే వాళ్ళేమంటారోనని భయం, తనేమనాలోనని భయం. చివరికి కిందటి నెల భార్య అన్న మాటలనే అటూ ఇటూ మార్చి రాసి, కింద తన సంతకం పెట్టి, దాని కింద ఆవిడ సంతకం కూడా తనే పెట్టేశాడు. చెయ్యి తడబడలేదు. ఇరవై ఏళ్ళుగా చూస్తున్న సంతకమాయె.

గురువారం పొద్దున, తొమ్మిదిన్నర ప్రాంతంలో, మేస్త్రి తూకం గదిలోకి వెళ్ళాడు. వైన్ పాడవకుండా ట్యాంకుల్లో వేసే తెల్లటి పొడిని అక్కడ తూచి పొట్లాలు కడతారు. గీసిన అగ్గిపుల్ల వాసనొచ్చే పొడి అది. తగినంత వేస్తే వైన్‌ను కాపాడుతుంది. ఎక్కువైతే గొంతు పట్టేస్తుంది. ఉబ్బసమున్నవాళ్ళకు ఊపిరి బిగుసుకుపోవచ్చని గోడకు పెద్ద అక్షరాలతో బోర్డు కూడా ఉంది. పెద్ద ట్యాంకు చిన్నదానికి పదింతలు, కాబట్టి పొడీ పదింతలు. ఆ పొట్లాల మీద ఎవరూ ఏమీ రాయరు. పెద్ద పొట్లం పెద్ద ట్యాంకుకి, చిన్న పొట్లం చిన్న ట్యాంకుకి. సైజు చూస్తే తెలిసిపోయేదానికి రాతెందుకన్నది ట్యాంకుల పని చూసే ముసలాయన వాదన.

మేస్త్రి పెన్సిల్ కింద పడి తూకం యంత్రం వెనక్కి దొర్లింది. చెయ్యి పెట్టి తడిమితే పెన్సిల్‌తో పాటు ఒక చిన్న పొట్లం వచ్చింది. విప్పలేదు. దారం ముడి కూడా వేసింది వేసినట్టే ఉంది.

 చిన్న ట్యాంకు మందు ఇక్కడుంటే, చిన్న ట్యాంకులో పడిందేమిటి?

పొడి వేసిన వారం ట్యాంకుల ముసలాయన సెలవులో ఉన్నాడు. ఆయన బదులు పనిచేసింది మేస్త్రి బావమరిది, మామూలుగా పెట్టెలు మోసేవాడు, భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. ఆ ఉద్యోగం వేయించింది కూడా మేస్త్రే. బయటికొచ్చి చూస్తే బావమరిది పెరట్లో లారీకి పెట్టెలెక్కిస్తున్నాడు. ఆ పెట్టెల్లో ఉన్నది చిన్న ట్యాంకు సరుకే.

"ఒరేయ్, ముసలాయన సెలవులో ఉన్నప్పుడు చిన్న ట్యాంకుకి పొడి వేసింది నువ్వేగా?" అన్నాడు మేస్త్రి. 

"నేనే బావా. అలమరలో పొట్లం ఒకటే ఉంది, అదే వేశాను. ఏం?"

"ఎంత ఉంది పొట్లం?"

బావమరిది పెట్టె భుజానికెత్తుకుంటూ ఇంకో చేత్తో చూపించాడు, పుచ్చకాయంత. "కలపలేక చేతులు పడిపోయాయనుకో. ఎందుకడుగుతున్నావు?"

అక్కడ మేస్త్రి నోరు తెరవాల్సింది. తెరిచాడు కూడా. లారీ ఆపండి అంటే ఎందుకంటారు. పొడి ఎక్కువైందంటే, మరి ఇంట్లో తాగి చూశావుగా, నీకు తెలియలేదా అంటారు. మీ ఆవిడకు తెలియలేదా అంటారు. ఆవిడ ఊళ్ళో లేదని బావమరిదికి తెలుసు. ఒక్కో ప్రశ్నా దాని వెనక ఇంకొకటీ వరసగా కనిపించాయి ఆయనకు. "ఏం లేదులే, పని చూసుకో" అన్నాడు. పొట్లం కోటు జేబులో పెట్టుకున్నాడు. ఇరవై తొమ్మిదేళ్ళలో ఫ్యాక్టరీ నుంచి గుండుసూది కూడా జేబులో వేసుకోని మనిషి.

పదకొండింటికి లారీ గేటు దాటింది. నలభై పెట్టెలు, పెట్టెకు పన్నెండు సీసాలు. మేస్త్రి గేటు దగ్గర నిలబడి అది మలుపు తిరిగేదాకా చూశాడు.  అంత ఘాటుంటే సీసాలు నింపేవాళ్ళెవరికీ తెలియలేదేం అని తనకు తానే ధైర్యం చెప్పుకోబోయాడు. ఆ హాలు ఎప్పుడూ ఆ పొడి వాసనే కొడుతుంది, అక్కడివాళ్ళకు అది లెక్కలోకి రాదని వెంటనే గుర్తొచ్చింది. పెద్దాయన చెప్పిందీ అదే కదా.  తను ఆ రాత్రి మూడుసార్లు దగ్గిన దగ్గు చెవుల్లో మోగుతూనే ఉంది. ఉబ్బసం లేని తనకే అలా ఉంటే, ఉన్నవాళ్ళ సంగతేమిటి? రాత్రి భోజనానికి కూర్చుని ఒక గుక్క తాగి, ఊపిరి ఆడక బల్ల పట్టుకుని లేచే మనిషి కళ్ళ ముందు కదిలాడు. మొహం లేని మనిషి. మేస్త్రి ఆ మనిషిని తోసేసి కార్డులు సర్దుకుంటూ కూర్చున్నాడు. పిరికివాడికి పని ఎక్కడైనా దొరుకుతుంది.

అయిదున్నరకు ఇంటికొచ్చేసరికి తలుపు తీసుంది. భార్య వచ్చేసింది. రెండు రోజులు ముందే వచ్చేసింది. బల్ల మీద రెండు పళ్ళాలు, రొట్టె, పొగలు కక్కే సూపు గిన్నె. మధ్యలో కొత్త సీసా.

"అక్కకి పర్లేదండీ, కట్టు విప్పేశారు. వచ్చేశాను" అంది ఆవిడ గ్లాసులోకి వైన్ పోస్తూ. "ఇందాక తమ్ముడొచ్చి ఈ సీసా ఇచ్చి వెళ్ళాడు. కొత్త సరుకట, వాడి వాటాకొచ్చింది. వాడు బీరు తప్ప తాగడుగా."

మేస్త్రి గుమ్మంలోనే నిలబడిపోయాడు. 

ఆవిడ గ్లాసెత్తి మొహం చిట్లించింది. "అదేంటో ఘాటుగా ఉందండీ." ఒక్క క్షణం ఆగి నవ్వింది. "మీరు చూసి పంపిందేగా, కాసేపు గాలి తగిలితే పోతుందిలెండి." గ్లాసు పెదాల దాకా వెళ్ళింది.

ఆయన ఎప్పుడు కదిలాడో ఆయనకే తెలియదు. ఒక్క ఉదుటున వచ్చి చేతి మీద కొట్టాడు. గ్లాసు గోడకు తగిలి పగిలింది. ఎర్రటి మరక టేబుల్ గుడ్డ మీద, ఆవిడ జాకెట్టు మీద, గోడ మీద. "తాగకు. తాగొద్దే. అది విషమే" అంటూ సీసా లాక్కుని వాకిట్లో కాలవలో బోర్లించాడు. తిరిగొచ్చి కుర్చీలో కూలబడి, జేబులోంచి పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు.

ఆ తర్వాత అన్నీ చెప్పేశాడు. మాడిన ఉల్లిపాయల నుంచి మొదలుపెట్టి పొట్లం దాకా. సంతకం సంగతి కూడా. చెప్తున్నంతసేపూ తల ఎత్తలేదు.

ఆవిడ అరవలేదు, ఏడవలేదు. గాజుముక్కలు ఏరడానికి వంగింది, మళ్ళీ మానేసి లేచింది. "అయితే రోజూ ఎలా ఉంది, ఎలా ఉంది అని నన్నడిగింది దీనికా?" అంది.

ఆయన పొట్లం దారాన్ని వేలితో తిప్పుతూ కూర్చున్నాడు.

"పెళ్ళయిన ఇన్నాళ్ళకు నా మాట వినాలని మీకు బుద్ధి పుట్టిందనుకున్నాను. పగలంతా మిషను దగ్గర కూర్చుని, సాయంత్రం మీకేం చెప్పాలా అని ఆలోచించుకునేదాన్ని." ఆవిడ మందు డబ్బా నోట్లో పెట్టుకుని ఒకసారి కొట్టుకుంది, ఊపిరి సర్దుకునేదాకా కళ్ళు మూసుకుంది. కళ్ళు తెరిచాక అడిగిన మాట మాత్రం వేరు. "లారీ ఎప్పుడెళ్ళింది?"

"పదకొండింటికి."

"పొట్లం ఎప్పుడు దొరికింది?"

"అంతకు ముందే."

ఆవిడ ఆయన వంక చూసింది. "నా చేతిలోది కొట్టేశారు. వాళ్ళ చేతుల్లోది ఎవరు కొట్టేస్తారు?" అంది. ఆ చూపుకు మేస్త్రి చచ్చి సగమయ్యాడు. పొద్దుటి నుంచీ ఊళ్ళోవాళ్ళ కోసం పెగలని నోరు తన పెళ్ళాం కోసం ఒక్క క్షణంలో పెగిలింది. అది ఆయనకూ అర్థమైంది, ఆవిడకూ అర్థమైంది.

ఆవిడే ఫోన్ అందుకుని యజమానురాలికి కలిపి ఆయన చేతిలో పెట్టింది. "అమ్మగారూ, చిన్న ట్యాంకులో పెద్ద పొట్లం పడింది. సరుకు వెనక్కి పిలవాలి" అన్నాడు మేస్త్రి.  యజమానురాలు గట్టి మనిషి. "ముందు సీసాలు. తర్వాత మాటలు" అని పెట్టేసింది. ఆ 'తర్వాత' ఏమిటో మేస్త్రికి తెలుసు.

ముప్పావుగంటలో కబురొచ్చింది. సరుకు మూడు దుకాణాలకు వెళ్ళింది. రెండు దుకాణాల్లో పెట్టెలు తెరవనేలేదు. ఎత్తు మీది వీధిలో మూలదుకాణంవాడు మాత్రం ఒక పెట్టె తెరిచి మూడు సీసాలమ్మాడు. ఇద్దరు తెలిసినవాళ్ళు. ఫోన్ చేస్తే ఇంకా మూత తీయలేదన్నారు. మూడో సీసా కొన్నది రిటైరైన పోస్ట్‌మన్. ఫోన్ లేదు, ఒంటరి మనిషి. లాండ్రీ పక్కన పసుపు రంగు భవనం, మూడో అంతస్తు. "ప్రతి గురువారం ఒకటి కొంటాడు. మెట్లెక్కడానికి నాలుగుసార్లు ఆగుతాడు పాపం, ఆయాసం మనిషి" అన్నాడట దుకాణంవాడు.

బావమరిది ఫ్యాక్టరీ వ్యాన్ తీసుకొచ్చాడు. సంగతి విన్నప్పటి నుంచీ వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. భార్య ముందు సీట్లో తమ్ముడి పక్కన కూర్చుంది. మేస్త్రి వెనక ఖాళీ పెట్టెల మధ్య కూర్చున్నాడు. ట్రాఫిక్ ఒకచోట కదల్లేదు. దీపాలు వెలుగుతున్న కిటికీల్లో జనం భోజనాలకు కూర్చుంటున్నారు. సీసా వంచుతున్న చెయ్యి కనిపిస్తే చాలు, ఆయన మొహం పక్కకు తిప్పుకునేవాడు. ఆరు నలభై. ఆ పోస్ట్‌మన్ ఎన్నింటికి తింటాడో ఎవరికీ తెలియదు. "అక్కా, ఆయనకేమైనా అయితే నన్ను జైల్లో పెడతారా?" అన్నాడు బావమరిది. అక్క వాడి భుజం మీద చెయ్యి వేసింది. వెనక కూర్చున్న మేస్త్రి ఆ మాట విని తల వంచుకున్నాడు.

భవనంలో లిఫ్ట్ లేదు. మేస్త్రి, బావమరిది రెండేసి మెట్లు ఎక్కారు. మూడో అంతస్తు తలుపు కొట్టారు. చప్పుడు లేదు. మళ్ళీ కొట్టారు. లోపల రేడియో మాట్లాడుతోంది. మనిషి మాట్లాడటం లేదు. మేస్త్రి తలుపుకు చెవి ఆనించాడు. ఎక్కడో నీళ్ళు కారుతున్న శబ్దం. ఒక దగ్గు. ఆ తర్వాత ఏమీ లేదు.  "విరగ్గొట్టరా" అన్నాడు. బావమరిది భుజం ఆనించి వెనక్కి అడుగు వేశాడు.

తలుపు తెరుచుకుంది. మెడలో తువ్వాలు వేసుకున్న ఒక బక్కపల్చటి ముసలాయన. చేతులు తడిగా ఉన్నాయి. "ఏంటయ్యా, ఇల్లు కూల్చేస్తారా?" అన్నాడు.

"మీరివాళ కొన్న ఎర్ర వైన్..." మేస్త్రికి ఊపిరందలేదు. "తాగారా?"

ముసలాయన ఇద్దరినీ ఎగాదిగా చూశాడు. బావమరిది చొక్కా మీద ఫ్యాక్టరీ గుర్తు చూసి, "ఓహో, మీరా. రండి, మీతో నాకు పనుంది" అంటూ వంటింట్లోకి దారితీశాడు. సింకులో కుళాయి కారుతోంది. పక్కన ఖాళీ సీసా. తెల్లటి పింగాణీ మీద ఎర్రటి చారలు ఇంకా పూర్తిగా కడుక్కుపోలేదు.

"మూత తిప్పగానే ముక్కు కింద అగ్గిపుల్ల గీసినట్టు కొట్టింది. అసలే ఆయాసం మనిషిని, కిటికీలన్నీ తెరిచి మొత్తం పారబోశాను" అన్నాడు ముసలాయన. "పదేళ్ళుగా తాగుతున్నాను మీ వైన్. వారానికో సీసా, నాలుగు పూటలొస్తుంది. నాకింకో సరదా లేదు. ముక్కున్నవాడెవడైనా దీన్ని దుకాణానికి పంపుతాడా?"

మేస్త్రి సింకు అంచు పట్టుకున్నాడు. బతికాడు, ఈ మనిషి బతికే ఉన్నాడు, అంతకు మించి ఏమీ తోచలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పక్కన బావమరిది రెండు చేతులూ జోడించి, "తప్పు నాదేనండీ. పొడి ఎక్కువ వేసింది నేనే. నన్ను క్షమించండి" అంటున్నాడు. ముసలాయన వాడి వంక కోపంగా తిరిగాడు.

ఇప్పుడు నోరు మూసుకుంటే సరిపోతుంది. ఆ ముక్క మేస్త్రికి తట్టింది, అబద్ధమెందుకు. తప్పు బావమరిది నెత్తిన పడుతుంది, వాడికి జీతం కోతతో సరిపెడతారేమో, తన గ్లాసు తనకే ఉంటుంది. గుమ్మం దగ్గర చప్పుడైంది. భార్య మూడంతస్తులూ ఎక్కి వచ్చి, గోడ పట్టుకుని, మందు డబ్బా నోట్లో పెట్టుకుని ఊపిరి కోసం తంటాలు పడుతోంది. ఆవిడ ఎవరి వంకా చూడటం లేదు.

"వాడిది కాదండీ" అన్నాడు మేస్త్రి. "పొడి ఎవరు వేసినా, తాగి చూసి పంపాల్సింది నేను. నాకు వాసన తెలియదు. ఏడు నెలలైంది. ఎవరికీ చెప్పలేదు."

బావమరిది చేతులు జోడించినవి జోడించినట్టే ఉండిపోయాయి. ముసలాయన కుళాయి కట్టేశాడు. ఆయన మొహంలో కోపం పోయి, దాని చోట ఇంకేదో వచ్చింది, అది భయంలా ఉంది. పదేళ్ళుగా తాగుతున్న సీసా వంక చూశాడు, మళ్ళీ మేస్త్రి వంక చూశాడు.

"మరి దీన్ని తాగి చూసిందెవరయ్యా?" అన్నాడు.

మేస్త్రి తన భార్య వైపు తిరగలేకపోయాడు.

"ఎవరూ చూడలేదండీ" అన్నాడు.